రాత్రి తొమ్మిదికి గాజు తుడుస్తాను

కోట్కా రేవులో మంచు పడితే
ఓడ కూత కూడా దగ్గులా వినిపిస్తుంది.
సూపర్‌మార్కెట్ తలుపు దాటగానే,
ఖాళీ సీసాలు మింగే యంత్రానికీ
తోపుడు బండ్లు గొలుసేసి పెట్టే చోటుకీ మధ్య
మూడు జూదపు పెట్టెలు.
వాటి గాజు తుడవడం నా పని.
పదకొండేళ్లుగా.

ముఖాలు తర్వాత తెలిశాయి.
ముందు తెలిసినవి వేళ్లు.

ఎడమ పెట్టె మీద, పండ్ల బొమ్మల చుట్టూ
గుండ్రంగా రుద్దిన జిడ్డు.
అది టెల్లెర్వోది.
సీసాలిచ్చి తెచ్చుకున్న చిల్లరను
అరచేతిలో వెచ్చబడేదాకా పట్టుకుని
గాజును నిమురుతుంది,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు నిమిరినట్టు.
గెలిస్తే చిరాకు.
గెలిస్తే పెట్టె పాడుతుంది, జనం తిరిగి చూస్తారు.
ఆమెకు కావలసింది ఎవరూ పిలవని ఒక గంట.
భర్త పోయాక ఇంట్లో ప్రతి గిన్నే
తనను పేరుపెట్టి పిలుస్తోందట.
చేతి తొడుగులు వేసుకుంటూ ఒకసారి చెప్పింది,
నన్ను చూసి కాదు, తలుపును చూసి.

మధ్య పెట్టెకు దెబ్బలు.
వేలిముద్రలుండవు, పిడికిలి అంచులుంటాయి.
ఇల్పో రేవులో క్రేను నడుపుతాడు.
నలభై టన్నుల్ని గుడ్డు దించినట్టు దించే చేయి
ఇక్కడికొచ్చేసరికి వణుకుతుంది.
పోయినచోటే వెతుక్కోవాలంటారు కదా,
వెతుకుతాడు.
శుక్రవారం పోయింది శుక్రవారమే దొరకాలి.
దొరికిందా,
అది గురువారం బాకీకి చెల్లు.
మళ్లీ మొదలు.
ఒకనాడు గాజు అంచున కాస్త నెత్తురు.
ఉప్పు నీళ్లతో తుడిచాను. ఎవరికీ చెప్పలేదు.

కుడి పెట్టె గాజు ఎప్పుడూ శుభ్రమే.
నాకు దాని దగ్గరే భయం.
కింద నేల మీద పెన్సిల్ చెక్కిన పొట్టు మాత్రం.
యాల్మరి, కాలేజీ కుర్రాడు,
గళ్ల పుస్తకంలో చెర్రీలు ఎన్నిసార్లు పడ్డాయో రాస్తాడు.
ఈ పెట్టెకు జ్ఞాపకముంది, అది బయటపడుతుంది అంటాడు.
"ఆడుతున్నావా బాబూ?" అంటే
"గమనిస్తున్నాను" అన్నాడు.
రెండో ఏడు ఫీజు గమనికలోనే పోయింది.

హెల్సింకి నుంచి ఒకావిడ వచ్చింది.
మంచి మనిషి. అందరికీ ఒకే కాగితం ఇచ్చింది,
తొమ్మిది ప్రశ్నలు.
'గత పన్నెండు నెలల్లో' అని మొదలయ్యేవి.
టెల్లెర్వో అన్నిటికీ లేదు అని రాసింది.
అబద్ధం కాదు, ఆమెకు నెలలు గుర్తులేవు.
ఇల్పో అన్నిటికీ అవును అని కొట్టి,
పాపం దించుకున్నవాడిలా ఊపిరి వదిలి
అటు నుంచి అటే మధ్య పెట్టె దగ్గరికి నడిచాడు.
యాల్మరి, ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందు అడిగాడు.
చివరికి ఇల్పోకీ అతనికీ ఒకటే మొత్తం వచ్చిందట.
ఆవిడ పెన్ను మూత పెట్టి చాలాసేపు కూర్చుంది.

వెళ్తూ నన్నూ అడిగింది,
"మీరెప్పుడైనా?"
నేను బకెట్ ఎత్తి చూపించాను.
"తుడుస్తాను, అంతే."

అంతే కాదు.
మూడేళ్లుగా ఒక పందెం నాకుంది,
నాతోనే, పైసా లేకుండా:
ఎడమ గాజు శుభ్రంగా కనపడిన రోజు
ఫోన్ చేస్తే మా చెల్లెలు ఎత్తుతుందని.
అమ్మ ఉంగరం దగ్గర తెగిన మాటలు మావి.
రోజూ తొమ్మిదికి జిడ్డు కనపడేది,
రోజూ హాయిగా ఓడిపోయేదాన్ని.

ఇవాళ్టికి నాలుగు రోజులు.
ఎడమ గాజు మీద ఒక్క ముద్ర లేదు.
టెల్లెర్వో ఎక్కడని క్యాషియర్ పిల్లను అడిగితే
భుజాలెగరేసింది.
మరకలేని చోటే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాను,
గుండ్రంగా.
ఫోను ఇంకా జేబులోనే ఉంది.